పెరుగుతున్న ఇంటి పన్ను: బిల్లు చదవడం, లెక్క అడగడం

ఇంటి పన్ను ఒకే కారణంతో పెరగదు. ఒకే వీధిలో ఐదు ఇళ్లకు బిల్లు పెరిగిందంటే ఐదింటికీ ఐదు కారణాలు ఉండవచ్చు. ఒక ఇంటికి చట్టం మారడం వల్ల పెరుగుతుంది. మరో ఇంటికి మేడ మీద కొత్తగా వేసిన గది వల్ల, ఇంకో ఇంటికి ముందు గదిని కొట్టుకు అద్దెకివ్వడం వల్ల పెరుగుతుంది. నాలుగో ఇంటికి పాత బకాయి మీద వడ్డీ పేరుకుంటుంది. ఐదో ఇంటికి కొలత తప్పు పడి ఉంటుంది, అంతే. బయటికి మాత్రం అన్ని బిల్లుల మీదా కనిపించేది ఒక్కటే: నిరుటి కంటే పెద్ద అంకె.

అందుకే కారణం తేల్చుకోకుండా ఆఫీసుకు వెళ్లి "పన్ను ఎక్కువ వేశారు, తగ్గించండి" అని అడిగినవారు ఉత్త చేతులతో తిరిగి వస్తారు. అక్కడి ఉద్యోగికి తన ఇష్టానికి పన్ను తగ్గించే అధికారం లేదు. రికార్డులో తప్పు ఉంటే దిద్దే మార్గం మాత్రం ఉంది. ఆ తప్పును వేలు పెట్టి చూపించగలిగితే పని సగం అయినట్టే. దానికి పెద్ద చదువు అక్కర్లేదు. బిల్లు, ఒక టేపు, ఒక కాగితం, కూడికలు హెచ్చవేతలు చాలు.

పంచాయతీ ఊరు పట్నమైతే

చింతలపూడి చాలాకాలం గ్రామ పంచాయతీ. 2020లో నగర పంచాయతీ అయింది. ఉమ్మడి పశ్చిమ గోదావరిలో ఆకివీడు కూడా అదే సమయంలో ఆ హోదాలోకి వచ్చింది. ఏలూరు చుట్టుపక్కల శనివారపుపేట, సత్రంపాడు, తంగెళ్లమూడి, వెంకటాపురం లాంటి గ్రామాలు నగరపాలక సంస్థలో కలిశాయి. ఇళ్లు కదల్లేదు, గోడలు మారలేదు. వాటి మీద పన్ను వేసే చట్టం మాత్రం మారింది. పంచాయతీలో ఇంటి పన్ను 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం కింద పడుతుంది. పట్టణంలో 1965 నాటి మున్సిపాలిటీల చట్టం కింద, నగరపాలక సంస్థలో కార్పొరేషన్ల చట్టం కింద పడుతుంది. లెక్క కట్టే పద్ధతి వేరు. పట్టణాల్లో ఏడాదిని రెండు అర్ధ సంవత్సరాలుగా విడగొట్టి బిల్లు వేస్తారు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి వరకు ఒకటి.

ఇక్కడే చాలామంది మొదటి పొరపాటు చేస్తారు. పంచాయతీ రోజుల్లో ఏడాదికోసారి ఒక రశీదు తీసుకున్న అలవాటుతో అర్ధ సంవత్సరం బిల్లును ఏడాది బిల్లు అనుకుని కట్టేస్తారు. రెండో సగం బకాయిగా మిగులుతుంది. మరుసటి ఏడాది బిల్లులో అది వడ్డీతో సహా వచ్చి కూర్చుంటుంది. అప్పుడు పన్ను పెరిగిందన్న బాధ కలుగుతుంది. నిజానికి అక్కడ పెరిగింది బకాయి.

2021 ఏప్రిల్ 1న ఏం మారింది?

అంతకుముందు ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో పన్నుకు ఆధారం వార్షిక అద్దె విలువ. ఆ ఇల్లు అద్దెకిస్తే ఎంత వస్తుందో అంచనా వేసి, ప్రాంతం, కట్టుబడి, వాడకం, ఇంటి వయసు చూసి పన్ను కట్టేవారు. డాబాకు ఒక రేటు, పెంకుటింటికి ఒక రేటు, రేకుల ఇంటికి ఇంకో రేటు. ఆ అద్దె విలువలను ఏళ్ల తరబడి సవరించలేదు. నివాస గృహాలకు 2002 తర్వాత, వాణిజ్య భవనాలకు 2007 తర్వాత పెద్ద సవరణ జరగలేదు. బయట అద్దెలు ఎన్ని రెట్లు పెరిగినా పన్ను పుస్తకంలో పాత అంకెలే ఉండిపోయాయి.

2020 చివర్లో రాష్ట్ర ప్రభుత్వం మున్సిపల్ చట్టాలను సవరించింది. 2021 ఏప్రిల్ 1 నుంచి పన్నుకు ఆధారం అద్దె కాదు, ఆస్తి మూలధన విలువ. అంటే రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకంలో ఆ స్థలానికి, ఆ కట్టడానికి రాసి ఉన్న విలువ. దాని మీద నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం లోపు, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం లోపు ఏ పట్టణానికి ఆ పట్టణం రేటు ఖరారు చేసుకుంటుంది. 375 చదరపు అడుగుల లోపు ఉన్న ఇంట్లో యజమానే నివసిస్తే ఏడాదికి 50 రూపాయలు మాత్రమే.

ఈ మార్పు వెనుక ఢిల్లీ కూడా ఉంది. కరోనా ఏడాదిలో రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవడానికి కేంద్రం కొన్ని సంస్కరణలను షరతుగా పెట్టింది. ఆస్తి పన్ను కనీస రేట్లను రిజిస్ట్రేషన్ విలువలకు ముడిపెట్టడం వాటిలో ఒకటి. పట్టణ సంస్కరణలు ముందుగా పూర్తి చేసిన రాష్ట్రాలు మధ్యప్రదేశ్, ఆంధ్రప్రదేశ్. 2021 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌కు దీని కింద 2,525 కోట్ల రూపాయల అదనపు రుణానికి అనుమతి వచ్చింది. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం కూడా పట్టణాలకిచ్చే గ్రాంట్లకు ఇదే తరహా షరతు పెట్టింది. కాబట్టి చింతలపూడి ఆఫీసులోనో ఏలూరు ఆఫీసులోనో ఈ పద్ధతిని మార్చమని అడగడం వృథా ప్రయాస. పద్ధతి మీద అభ్యంతరం ఉంటే దాన్ని వినిపించాల్సింది ఎమ్మెల్యేకు, శాసనసభకు. వార్డు సచివాలయంలో తేలేది ఆ పద్ధతి ఈ ఇంటికి సరిగా వర్తించిందా లేదా అన్నదే.

ఏటా 15 శాతం: ఈ మెట్లు ఎక్కడ ఆగుతాయి?

బిల్లు ఏటా ఎందుకు పెరుగుతోందన్న ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది. కొత్త పద్ధతి ప్రకారం వచ్చే పన్ను పాత పన్ను కంటే చాలా ఎక్కువైతే ఒకేసారి అంతా వసూలు చేయరు. అంతకుముందు ఏడాది పన్ను మీద 15 శాతానికి మించకుండా, ఏడాదికో మెట్టు చొప్పున పెంచుకుంటూ పోతారు. కొత్త లెక్క చేరాక ఆ పెంపు ఆగుతుంది.

ఒక ఉదాహరణ. చింతలపూడి మెయిన్ రోడ్డుకు రెండు వీధుల లోపల ఒక డాబా ఇల్లు ఉందనుకుందాం. పాత పన్ను ఏడాదికి 2,000 రూపాయలు. స్థలం, కట్టడం కలిపి మూలధన విలువ 20 లక్షలు. పట్టణం ఖరారు చేసిన రేటు 0.15 శాతం అనుకుంటే కొత్త లెక్క ప్రకారం పన్ను 3,000. మొదటి ఏడాది బిల్లు 2,300. రెండో ఏడాది 2,645. మూడో ఏడాది మళ్లీ 15 శాతం కలిపితే 3,041 దాటాలి, కానీ గమ్యం 3,000 కాబట్టి అక్కడే ఆగుతుంది. ఆ యజమానికి మూడేళ్లు వరుసగా బిల్లు పెరిగినట్టు అనిపిస్తుంది. నాలుగో ఏడాది ఊపిరి పీల్చుకుంటాడు.

అదే వీధిలో పక్కింటి పాత పన్ను 1,000 మాత్రమే, కొత్త లెక్క అదే 3,000 అనుకుందాం. ఆ ఇంటి బిల్లు 1,150, 1,322, 1,521, 1,749, 2,011 అంటూ ఐదేళ్లు ఎక్కుతూనే ఉంటుంది. ఇంకా గమ్యం చేరదు. పదిహేను శాతం అంటే చిన్నదిగా వినిపిస్తుంది కానీ పెరిగినదాని మీద మళ్లీ పెరుగుతుంది కాబట్టి ఐదేళ్లలో పన్ను రెట్టింపవుతుంది. 2021-22లో మొదలైన లెక్క 2025-26కి సరిగ్గా అక్కడికే వచ్చింది. "మా పన్ను డబుల్ అయింది" అంటున్నవారి మాటలో అబద్ధమేమీ లేదు.

మరి గమ్యం కదలదా? కదులుతుంది. రిజిస్ట్రేషన్ విలువలు సవరించినప్పుడు మూలధన విలువ పెరిగే అవకాశం ఉంటుంది. రాష్ట్రంలో 2025 ఫిబ్రవరి 1 నుంచి చాలా ప్రాంతాల్లో ఆ విలువలు సవరించారు. పై ఉదాహరణలో 20 లక్షల విలువ 24 లక్షలుగా లెక్కలోకి వస్తే గమ్యం 3,600కి జరుగుతుంది. ఆగిపోయిన బిల్లు మళ్లీ 3,450కి, ఆ తర్వాత 3,600కి ఎక్కుతుంది. స్థలం విలువ పెరిగిందని సంతోషించే ఇంట్లోనే బిల్లు చూసి కంగారుపడటం సహజం. రెండింటికీ మూలం ఒక్కటే.

ఈ మెట్ల పద్ధతిలో ఒక పెద్ద చిక్కు ఉంది. రికార్డులో కొలత తప్పు పడినా మొదటి ఏడాది బిల్లులో అది కనిపించదు. తప్పు ఉన్నా లేకపోయినా ఆ ఏడాది పెంపు 15 శాతమే. తప్పు గమ్యంలో దాక్కుని ఉంటుంది. 3,000 దగ్గర ఆగాల్సిన ఇల్లు 3,330 దాకా, 6,000 దాకా ఎక్కుతూ పోతుంది. ఆ సంగతి బయటపడేసరికి నాలుగైదేళ్లు గడిచిపోతాయి. అందువల్ల ఆఫీసులో అడగాల్సిన ప్రశ్న "ఈ ఏడాది ఎందుకింత వచ్చింది?" అని కాదు. "ఈ ఇంటికి మూలధన విలువ ఎంత కట్టారు, దాని ప్రకారం పూర్తి పన్ను ఎంత, అది ఏ ఏడాదికి చేరుతుంది?" అని అడగాలి. ఈ మూడు అంకెలు చేతికొస్తే వచ్చే ఐదేళ్ల బిల్లులు ఇంట్లోనే వేసుకోవచ్చు.

కొత్తగా కట్టిన ఇంటికి ఎక్కడానికి పాత మెట్టే ఉండదు. అందుకే 1985 నాటి డాబాకు, దాని పక్కనే నిరుడు గృహప్రవేశం చేసిన అదే కొలత డాబాకు పన్నుల్లో పెద్ద తేడా ఉంటుంది. పక్కింటి బిల్లుతో పోల్చుకునే ముందు ఆ ఇల్లు ఎప్పుడు అసెస్‌మెంట్‌లోకి వచ్చిందో కనుక్కోవాలి.

ఇలాంటి పరిమితులు ఇక్కడ మాత్రమే లేవు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1978 నాటి 13వ ప్రతిపాదన వల్ల పన్ను కోసం లెక్కించే ఇంటి విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు. ఇల్లు చేతులు మారితే మళ్లీ మార్కెట్ ధర నుంచి లెక్క మొదలవుతుంది. టెక్సాస్‌లో సొంత నివాసానికి ఆ పరిమితి 10 శాతం. డాలస్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామందికి విలువ నోటీసు రాగానే మే 15 గడువులోపు అభ్యంతరం వేయడం ఏటా ఉండే పని. చుట్టుపక్కల ఇళ్ల విలువలు ముందేసుకుని, తమ ఇంటి కొలతలు సరిచూసుకుని వెళతారు. అక్కడ అదెవరూ తగువు అనుకోరు. ఇక్కడా అలా అనుకోవాల్సిన పని లేదు. హైదరాబాద్‌లో ఫ్లాటు ఉన్నవారికి మాత్రం ఈ మెట్ల గోల తెలియదు. అక్కడ ఇప్పటికీ అద్దె విలువే ఆధారం, నివాస గృహాల రేట్లను 2002 తర్వాత సవరించలేదు. ఆ బిల్లును ఏలూరు బిల్లు పక్కన పెట్టి చూసి ప్రయోజనం లేదు.

బిల్లులో ఏ వరుసలో ఏముంటుంది?

కింద మొత్తం ఒక్కటి చూసి కాగితం మడతపెట్టేవారే ఎక్కువ. పైనున్న వరుసల్లోనే సమాధానాలన్నీ ఉంటాయి.

ఆస్తి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు ఉంటుంది. రూపాయి పన్నుకు 8 పైసలు. పన్ను పెరిగితే అదీ దామాషాలో పెరుగుతుంది. కుళాయి ఉంటే నీటి చార్జీ వేరు. దాని బిల్లు, దాని బకాయి వేరుగా నడుస్తాయి. 2021 అక్టోబరు నుంచి కొన్నేళ్లు వసూలు చేసిన చెత్త పన్నును రద్దు చేస్తున్నట్టు 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి ప్రకటించారు.

తర్వాత బకాయి, దాని మీద వడ్డీ. మొదటి అర్ధ సంవత్సరానికి జూన్ 30, రెండో దానికి డిసెంబరు 31 గడువు. దాటితే నెలకు 2 శాతం వడ్డీ. బ్యాంకు అప్పు కంటే ఇది ఖరీదు. 3,000 రూపాయల అర్ధ సంవత్సరం పన్ను 18 నెలలు ఆగిందంటే 1,080 రూపాయల వడ్డీ కలుస్తుంది. "ఇంటి పన్ను దారుణంగా పెరిగింది" అని తెచ్చి చూపించే బిల్లుల్లో ఈ వరుస చూడకుండా వదిలేసినవే చాలా ఉంటాయి.

అన్నిటికంటే ఎక్కువగా భయపెట్టేది అనధికార కట్టడం జరిమానా. బిల్లులో 'యూసీ పెనాల్టీ' అని ఉంటుంది. ప్లాన్‌లో ఇచ్చిన ఖాళీ జాగా హద్దులను 10 శాతం లోపు దాటితే పన్నులో 25 శాతం, అంతకు మించితే 50 శాతం, అనుమతి లేని అంతస్తుకు, అసలు ప్లానే లేని కట్టడానికి 100 శాతం అదనం. ఇది ఒక్కసారి కట్టి వదిలించుకునే జరిమానా కాదు, ఏటా వస్తూనే ఉంటుంది. పంచాయతీ రోజుల్లో పంచాయతీ తీర్మానంతోనో నోటి మాటతోనో కట్టుకున్న ఇళ్లున్న చింతలపూడి లాంటి ఊళ్లలో ఈ వరుసను మరీ జాగ్రత్తగా చూడాలి. ఇల్లు కట్టినప్పుడు అమల్లో ఉన్న అనుమతి కాగితం ఏదున్నా సరే, మట్టి కొట్టుకుపోయిన పాత ఫైల్లో ఉన్నా, వెతికి తీయాలి. ఆ కాగితం లేకపోతే ప్రభుత్వం అప్పుడప్పుడు తెచ్చే భవనాల క్రమబద్ధీకరణ పథకం, అంటే బీపీఎస్, ఉన్నప్పుడు దరఖాస్తు చేసుకోవడం ఒక దారి.

ఒక్కొక్కటిగా చేయాల్సిన పనులు

1. పాత రశీదులు వరుసగా పేర్చుకోవాలి. 2020-21 బిల్లు దొరికితే మరీ మంచిది. 15 శాతం మెట్లు మొదలైంది దాని మీదే. ఏడాది పక్కన ఏడాది రాసి ప్రతి అంకెనూ ముందు అంకెతో భాగించాలి. 1.15 లోపు వస్తే మెట్ల పెంపు. 1.15 దాటితే కారణం వేరే ఉంది: కొత్త అంతస్తు, వాడకం మార్పు, జరిమానా, బకాయి, లేదా వీటిలో ఏదైనా తప్పుగా పడటం.

2. అసెస్‌మెంట్ నంబరు, డోరు నంబరు, పేరు సరిచూడాలి. చనిపోయిన తండ్రి పేరు మీద ఒక అసెస్‌మెంట్, కొడుకు పేరు మీద కొత్తగా ఇంకో అసెస్‌మెంట్ ఒకే ఇంటికి నడుస్తున్న సందర్భాలు ఉంటాయి. పంచాయతీ నంబర్లు మున్సిపల్ నంబర్లుగా మారిన చోట ఇది ఇంకా ఎక్కువ. ఒకటి కడుతుంటే రెండోది బకాయిగా పెరుగుతుంది.

3. ఇల్లు కొలవాలి. ఇది అన్నిటికంటే పనికొచ్చే పని. ఎక్కువ మంది మానేసేదీ ఇదే. ఇద్దరు మనుషులు, యాభై అడుగుల టేపు. ఒకరు గోడ మూలన టేపు చివర పట్టుకుంటారు, ఇంకొకరు బయటి గోడ వెంట సాగదీస్తూ వెళతారు. గోడల బయటి నుంచి బయటికి కొలవాలి, గది లోపల కాదు. కాలవ మీద వేసిన నాపరాళ్లు, వాకిట్లో తులసి కోట, అరుగు ముందు ఖాళీ జాగా లెక్కలోకి రావు. కప్పు ఉన్న భాగమే కట్టడం. డాబా ఒక భాగం, వెనక రేకుల వంటిల్లు ఇంకో భాగం అయితే విడివిడిగా కొలిచి విడివిడిగా రాయాలి. ఎందుకంటే రెండింటి విలువ ఒకటి కాదు. రేకుల షెడ్డును కూడా శ్లాబుగా రాసేయడం తరచుగా జరిగే తప్పు. 30 అడుగులు, 40 అడుగులు వస్తే 1,200 చదరపు అడుగులు. రికార్డులో 1,420 ఉందనుకుందాం. కట్టడం విలువ అడుగుకు వెయ్యి రూపాయలుగా కడితే ఉత్తపుణ్యానికి 2,20,000 రూపాయలు మూలధన విలువలో కలిసినట్టు. 0.15 శాతం రేటున ఏడాదికి 330 రూపాయలు, పదేళ్లకు 3,300. చదరపు మీటరుకు 10.76 చదరపు అడుగులు అన్న లెక్క కూడా దగ్గర పెట్టుకోవాలి. కొన్ని కాగితాల్లో మీటర్లలో ఉంటుంది.

4. వాడకం ఏమని రాశారో చూడాలి. రోడ్డు వైపు గదిని ఒకప్పుడు సెల్ ఫోన్ల షాపుకు అద్దెకిచ్చి, షాపు ఎత్తేసి రెండేళ్లయినా రికార్డులో అది వాణిజ్యంగానే ఉండిపోవచ్చు. ఒక్క గది షాపు అయితే మొత్తం ఇల్లే నివాసేతరంగా పడి ఉండవచ్చు కూడా. నివాసానికి 0.15, నివాసేతరానికి 0.30 అనుకుంటే 20 లక్షల ఇంటికి 3,000 పడాల్సింది 6,000 పడుతుంది. షాపు ఉన్నంత మేరకు వాణిజ్య రేటు కట్టడం న్యాయం. మిగతా ఇంటికి కట్టక్కర్లేదు.

5. రిజిస్ట్రేషన్ విలువ తెలుసుకోవాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోగానీ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోగానీ డోరు నంబరు, సర్వే నంబరు ఇచ్చి చూడవచ్చు. లోపలి వీధి ఇంటికి మెయిన్ రోడ్డు విలువ కట్టారేమో ఇక్కడే తెలుస్తుంది.

6. వార్డు సచివాలయంలో లెక్క కాగితం అడగాలి. నోటి మాటగా అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉంది. పట్టణంలో 10 రూపాయల రుసుము, 30 రోజుల్లో జవాబు. "అసెస్‌మెంట్ రిజిస్టరులో మా ఇంటి వివరాలు, కొలత, వాడకం, మూలధన విలువ లెక్క నకలు ఇవ్వగలరు" అని రెండు వాక్యాలు చాలు.

7. తప్పు దొరికితే రివిజన్ పిటిషన్. కమిషనరు పేరు మీద, నోటీసులో ఇచ్చిన గడువు లోపల ఇవ్వాలి. ఒక పేజీ దాటకూడదు. రికార్డులో ఏముంది, నిజంగా ఏముంది, రుజువు ఏమిటి: ఈ మూడే ఉండాలి. కొలతల స్కెచ్, ప్లాన్ నకలు, ఇంటి ఫొటోలు జతచేసి, ఇచ్చినట్టు తేదీతో రశీదు తీసుకోవాలి. వచ్చి కొలవమని కూడా అందులోనే కోరాలి. కదలిక లేకపోతే సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఆ రశీదు నకలుతో అర్జీ ఇవ్వవచ్చు.

జనం తరచుగా చేసే పొరపాట్లు

అన్నిటికంటే నష్టం చేసేది, తగువు తేలేదాకా కట్టకుండా ఆపేయడం. పిటిషన్ వేసినంత మాత్రాన నెలకు 2 శాతం వడ్డీ ఆగదు. 330 రూపాయల తప్పు కోసం 3,000 కట్టకుండా ఆపితే ఏడాదిలో వడ్డీయే 720 అవుతుంది. తగువు తగువే, చెల్లింపు చెల్లింపే. కట్టి, రశీదు పిటిషన్‌కు జతచేసి, దిద్దాక ఎక్కువ కట్టినది తర్వాతి బిల్లులో సర్దమని అడగడం తెలివైన పని.

ఇంకొకటి, వచ్చిన ఉద్యోగికి ఇల్లు చూపించకపోవడం. కొలతకు వచ్చినప్పుడు తలుపు తీయకపోతే అతను బయటి నుంచి చూసి రాసుకుంటాడు. ఆ అంచనా యజమానికి మేలు చేసేదిగా ఉండాలని ఏమీ లేదు. ఎదురుగా నిలబడి, టేపు రెండో చివర తానే పట్టుకుని, రాసుకున్న అంకెలు అడిగి తన కాగితం మీదా రాసుకునే యజమానికి తర్వాత పిటిషన్ అవసరమే రాదు.

పై గది వేసి చెప్పకుండా ఉండటం మరో పొరపాటు. ఇరుగుపొరుగు చెప్పకపోయినా కరెంటు మీటరు, కొత్త కుళాయి, సర్వే ఏదో ఒకటి చెబుతుంది. అప్పుడు పడేది మామూలు పన్ను కాదు, జరిమానాతో కలిపిన పన్ను.

వడ్డీ మాఫీ వస్తుందని ఏళ్ల తరబడి ఎదురు చూడటం కూడా లాభం కాదు. ప్రభుత్వం ఎప్పుడైనా 50 శాతం వడ్డీ మాఫీ ప్రకటించినా మిగతా సగం కట్టాల్సిందే. దానికంటే ఏప్రిల్ 30 లోపు ఏడాది పన్ను మొత్తం కట్టి 5 శాతం రాయితీ తీసుకోవడం మేలు. జీతగాళ్లకు, పింఛనుదారులకు ఏప్రిల్ కష్టమేమీ కాదు. చేపల చెరువుల మీద, పంట డబ్బుల మీద బతికే ఇళ్లలో మాత్రం డబ్బు చేతికొచ్చే నెల వేరు. అలాంటివారు రబీ కోతలయ్యాకో, చెరువు పట్టాకో పన్ను డబ్బు విడిగా తీసి పెట్టుకుంటే జూన్ 30 గడువు దాటదు.

మినహాయింపుల గురించి అడగకపోవడం ఇంకో నష్టం. మాజీ సైనికుల ఇళ్లకు మినహాయింపు ఉంది. పంచాయతీల్లో ఉన్న సైనికుల ఇళ్లకు కూడా 2025లో మినహాయింపు ప్రకటించారు. ఇవి వాటంతట అవి రావు, సర్వీసు కాగితాలతో దరఖాస్తు చేసుకోవాలి.

ఈ డబ్బు ఎక్కడికి పోతుంది?

పన్ను కట్టేవాడికి ఈ ప్రశ్న అడిగే పూర్తి హక్కు ఉంది. పట్నంలో నీళ్లు, కాలవలు, వీధి దీపాలు, పారిశుద్ధ్యం అన్నీ ఖర్చే. చింతలపూడి మండలం నాగిరెడ్డిగూడెం దగ్గర రిజర్వాయరులో నిలిచే తమ్మిలేరు కిందికి వెళ్లి ఏలూరును తాకుతూ కొల్లేరులో కలుస్తుంది. ఏలూరు మురుగు కూడా చివరికి చేరేది కొల్లేరుకే. దాన్ని శుద్ధి చేయకుండా వదిలితే నష్టపోయేది సరస్సు చుట్టూ చేపల మీద బతికేవారు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛపోయి ఆసుపత్రి పాలైనప్పుడు తాగే నీటి మీద ఎంత ఆందోళన రేగిందో ఆ ఊరివారికి గుర్తే. శుభ్రమైన నీటికి, మూత ఉన్న కాలవకు డబ్బు కావాలి. అందులో ఊరు సొంతంగా సంపాదించుకునే పెద్ద భాగం ఇంటి పన్నే. అందుకే న్యాయంగా పడిన పన్ను కట్టడం, అన్యాయంగా పడినదాన్ని దిద్దించడం రెండూ యజమాని పనులే. వీధిలో కాలవ పూడిపోయి ఉంటే, ఆ అర్ధ సంవత్సరం పన్ను రశీదు నంబరు రాసి అర్జీ పెట్టడంలో తప్పేమీ లేదు.

కట్టాక

ఆన్‌లైన్‌లో పురపాలక శాఖ వెబ్‌సైట్‌లోగానీ వాట్సాప్ 'మన మిత్ర'లోగానీ సచివాలయంలోగానీ కట్టవచ్చు. ఎక్కడ కట్టినా రశీదు మీద అసెస్‌మెంట్ నంబరు, ఏ అర్ధ సంవత్సరానికి జమ అయిందన్నది చూడాలి. కొత్త పన్నుకని కట్టిన డబ్బు పాత బకాయికి జమ అయి ఉండవచ్చు. రెండు మూడు రోజుల తర్వాత అదే నంబరుతో మళ్లీ తెరిచి బకాయి సున్నా చూపిస్తోందో లేదో సరిచూడాలి. ఆన్‌లైన్ రశీదును ప్రింటు తీసి పాత రశీదుల కట్టలోనే పెట్టుకోవాలి. ఇల్లు అమ్మినా, పిల్లల పేర మార్చినా, ఇంటి మీద అప్పు తీసుకున్నా అడిగే మొదటి కాగితాల్లో అది ఒకటి. ఇల్లు కొనేవారైతే అడ్వాన్సు ఇవ్వకముందే ఆ అసెస్‌మెంట్ నంబరు మీద బకాయి, యూసీ పెనాల్టీ ఉన్నాయేమో చూసుకోవాలి. రిజిస్ట్రేషన్ అయ్యాక అవి కొన్నవారి తలకే చుట్టుకుంటాయి.